అల్లానికి నీడ

కోహీర్ ఊరి రైతు రేవణసిద్ధప్ప చేయి పడితే అల్లం అరచేతంత ఊరుతుందని జహీరాబాద్ మార్కెట్లో పేరు. ఆ పేరే కొంప ముంచింది. అల్లం తీసిన నేలలో వెంటనే మళ్లీ అల్లం వేస్తే దుంప కుళ్లిపోతుంది. అందుకని ఓ పెద్ద వ్యాపారి కర్ణాటక పడమటి కొండల్లో, వాన తెరిపివ్వని అడవి అంచున చెట్లు కొట్టించి కొత్త నేల చేశాడు. మేస్త్రీగా ఇతన్ని తీసుకుపోయాడు.

అక్కడి అటవీ కాపలాదారు సదాశివ కన్నడంలో ఒకటే చెప్పాడు. "ఏనుగులకు మిగిలింది ఈ వాగుదారి ఒక్కటే. అల్లం అవి ముట్టవు. ఇంకేదీ వేయకు."

రేవణసిద్ధప్ప వాటికి దారి వదిలాడు. పిల్లను పొట్టకింద నడిపించుకుంటూ పోయే తల్లేనుగును చూసి మురిసిపోయి భార్యకు ఫోన్ చేశాడు. "రత్నమ్మా, అచ్చం బాలింత నడిచినట్టే నడుస్తదే!" కానీ అలవాటు ఊరుకుంటుందా? ఇంటి దగ్గరలాగే అల్లం మళ్ల నడుమ మొక్కజొన్న పెట్టాడు. సదాశివ లబలబలాడాడు.

"నీడ లేకుంటే అల్లమెట్ల వస్తదయ్యా?" అన్నాడితను. మబ్బు వీడని కొండల్లో నీడట, నీడ!

కంకులు పాలు పోసుకోగానే తల్లేనుగు మడిలోకి దిగింది. వ్యాపారి మండిపడి కంచెకు నేరుగా కరెంటు పెట్టించాడు.

"జర ఆగున్రి సేట్. మక్కలు నేనే కోసేస్త. అవి లేకుంటే అది రాదు," అని రేవణసిద్ధప్ప కాళ్లావేళ్లా పడ్డాడు. సేటు చెవిన పెట్టలేదు. పొద్దు గూకేదాకా రేవణసిద్ధప్ప ఒక్కడే పిచ్చిపట్టినట్టు కోశాడు. సగం కూడా కాలేదు.

తెల్లారేసరికి తల్లి కంచె పక్కన పడి ఉంది, నోట్లో నమలని కంకితో. పిల్ల లేవమని తొండంతో నెడుతోంది. సదాశివ వంగి ఆ కంకి తీసి రేవణసిద్ధప్ప చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రేవణసిద్ధప్ప ఇల్లు చేరాడు. మళ్లీ అల్లం ముట్టలేదు. మొన్న ఆ వ్యాపారి జీపు కోహీర్ వచ్చింది. ఆ నేల పని అయిపోయిందట, ఇంకా పైన అడవి కొట్టించాడట. ఈసారి మేస్త్రీగా రేవణసిద్ధప్ప అన్న కొడుకు నాగరాజ్ ఎక్కాడు, ఒళ్లో విత్తనాల సంచితో. రేవణసిద్ధప్ప పరుగెత్తి ఆ సంచి పట్టుకున్నాడు.

"మక్కలు వద్దు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత!"

నాగరాజ్ నవ్వి సంచి గుంజుకున్నాడు. "గట్లంటవేంది చిన్నాయినా? నీడ లేకుంటే అల్లమెట్ల వస్తది? నువ్వే గదా నేర్పింది."