సంతలో నవ్విన పెద్దమ్మ

ఒక హిందీ దర్శకుడి సినిమాలన్నీ వరుసగా చూడాలని ఈ ఏడాది మొదలుపెట్టాను. పెద్ద నటులు, పెద్ద సెట్లు రాకముందు ఆయన తెలంగాణ పల్లెలకు వెళ్లి, అక్కడి మనుషులనే తెర మీదికి తెచ్చేవాడు. ఆ సినిమాల్లో ఒకటి అమ్మ వాళ్ల ఊళ్లో తీశారని నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం సింగపూర్‌లో, యీషున్‌లోని మా ఫ్లాట్‌లో ఆ సినిమా పెడితే, బట్టలు మడతపెడుతున్న అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇది మా ఊరే. సంత సీన్ల మా అక్క ఉండాలె."

పెద్దమ్మ పదహారేళ్లకే జ్వరంతో పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. అక్క ముఖం గుర్తుకు రావడం లేదని అమ్మ అప్పుడప్పుడు బాధపడేది.

సంత వచ్చింది. ఒక్క ముఖమూ కనబడలేదు.

"కెమెరా దిక్కు చూడొద్దని అందరికీ చెప్పిండ్రు," అంది అమ్మ, తెర దగ్గరికి జరుగుతూ.

అంతలో గంప ఎత్తుకున్న ఒక అమ్మాయి ఆగి, మా వైపు తిరిగి నవ్వింది.

"ఆపు, ఆపవే! అగో, మా అక్క!"

ఆపాను. అచ్చం నా ముక్కే.

"పెద్దమ్మ రూల్ బ్రేక్ చేసింది లా," అన్నాను, ఇక్కడివాళ్లలా చివర 'లా' తగిలించి.

"కెమెరాను కాదే. నేను దాని పక్కకే నిలబడి చెయ్యి ఊపుతుంటి. నన్ను చూసింది."

మిగతా సినిమాలు ఇంకా మొదలుపెట్టలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు దీన్నే పెట్టి, అక్కడ ఆపుతాను. ఆ చూపు నన్ను దాటి, ఆ రోజు అమ్మ కూర్చున్న చోట ఆగుతుంది. అక్కడ ఎవరూ లేరని పెద్దమ్మకు తెలియకూడదని నేను ఆ చోటికి జరిగి కూర్చుంటాను.