మొదటి డివిజన్‌లో నాలుగు నిమిషాలు

అడెరీతుకు పదిహేడేళ్లప్పుడు లిస్బన్‌లోని ఓ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: "పొట్టివాడివి. గోల్ ముందు నిలబడే ఆట నీది కాదు." సంచి భుజాన వేసుకుని తన రేవు ఊరికి తిరిగొచ్చాడు. తల్లి సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆ రాత్రి అతని కంచంలో ఇంకో రెండు చేపలు వేసింది.

అతను ఆట మానలేదు. తర్వాతి పదహారేళ్లలో తొమ్మిది జట్లు మారాడు. అన్నీ కింది డివిజన్లవే. కొండల్లో మంచు కురిసే మైదానాల్లో ఆడాడు, దక్షిణాన అలెంతేజు ఎండకు నెర్రెలిచ్చిన నేల మీదా ఆడాడు. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. రెండోసారి డాక్టరు "ఇక చాలించు" అంటే, భార్య గ్రాసియెట్ నవ్వింది.

"గోడకు చెప్పండి డాక్టరుగారూ, కనీసం అదైనా వింటుంది."

ముప్పై మూడో ఏట సొంతూరి జట్టు పిలిచింది. ఆ ఏడు ఇరవై రెండు గోల్స్ కొట్టాడు. ఆఖరి మ్యాచ్‌లో వానలో తలతో కొట్టిన గోల్‌తో జట్టు పుట్టాక మొదటిసారి మొదటి డివిజన్‌కు ఎక్కింది. జనం అతన్ని భుజాల మీద చేపల మార్కెట్టంతా తిప్పారు. తల్లి ఏప్రన్‌తోనే బయటికొచ్చి ఏడ్చింది.

మూడు వారాలకు క్లబ్బు గోల్స్ కొట్టడానికి బ్రెజిల్ నుంచి కుర్ర ఫార్వర్డును తెచ్చింది. అడెరీతు కోచ్ దగ్గరికి వెళ్లాడు.

"కోచ్, నా సంగతేంటి?"

"నువ్వు ఉండు అడెరీతూ. నీలాంటివాడు జట్టులో ఉంటే కుర్రాళ్లకి ధైర్యం."

"ధైర్యం చెప్పడానికి పాద్రీ ఉన్నాడు కదా. నేను ఆడడానికి ఉన్నాను."

కోచ్ కాగితాల్లోకి తల దించాడు.

ఆగస్టు నుంచి మే దాకా బెంచీ మీదే కూర్చున్నాడు. సాధనకు మాత్రం అందరికన్నా ముందొచ్చేవాడు. చివరి మ్యాచ్‌లో జట్టు మూడు గోల్స్ వెనకబడ్డాక, ఇంకో నాలుగు నిమిషాలే ఉండగా ఎనభై ఆరో నిమిషంలో కోచ్ అతనికి చెయ్యూపాడు. అడెరీతు పరుగున మైదానంలోకెళ్లాడు. ఒక్కసారి గోల్ ముందు ఎవరి అడ్డూ లేకుండా నిలబడ్డాడు. చెయ్యెత్తి అరిచాడు. బంతి కాళ్ల దగ్గరున్న తన జట్టు కుర్రాడు అతని వైపు చూశాడు, చూసి తానే కొట్టాడు. బంతి గోల్ మీదుగా వెళ్లిపోయింది. విజిల్ పడింది. అతని కాలికి బంతి తగలనే లేదు.

డ్రెస్సింగ్ రూములో క్లబ్బు అధ్యక్షుడు ఫ్రేమ్ కట్టించిన అతని జెర్సీని చేతిలో పెట్టాడు. "అలిసిపోయావు, ఇక హాయిగా ఉండవోయ్!"

"అలిసిపోయానని నేను చెప్పానా?"

జెర్సీని అక్కడే వదిలేసి వచ్చాడు.

సెప్టెంబరులో జిల్లా పోటీల్లో ఆడే పక్క ఊరి చిన్న జట్టులో చేరాడు. రెండో మ్యాచ్‌లోనే గోల్ కొట్టి, అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తాడు. చూడ్డానికొచ్చిన నలభై మందిలో ఒక ముసలాయన దగ్గాడు. గ్రాసియెట్ చప్పట్లు కొట్టలేదు.

"ఆ మోకాలు చూడు, ఎలా వాచిందో," అంది విరామంలో. "మిగతా సగం కూడా ఆడతావా?"

"ఆడతా."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.