అడిగితే ఇస్తానన్న దేవుడు

మొన్న మందుల షాపులో యూకలిప్టస్ నూనె వాసన తగిలితే, బొగ్గింజన్ల కాలంనాటి, కలకత్తా పక్కన సంత్రాగాఛిలోని మా రైల్వే క్వార్టర్సులో ఛాతీకి ఆ నూనె రాయించుకుని జ్వరంతో పడుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అడిగితే దేవుడు ఇస్తాడని ఆదివారం బడిలో చెప్పారు. తమ్ముణ్ణి బాగుచెయ్యమని తెలుగులో అడిగాను. ఇక్కడి దేవుడికి తెలుగు రాదేమోనని బెంగాలీలోనూ అడిగాను. అయినా వాడు చనిపోయాడు.

కొన్నాళ్లకు పాస్టరుగారు బైబిల్లోంచి మరో వాక్యం చదివారు. తన బాధ తీసెయ్యమని, ఏసు మాట చాటిన ఓ అపొస్తలుడు ఎంత బతిమాలినా దేవుడు తియ్యలేదట. ఇంటికొచ్చి, బియ్యం ఏరుతున్న అమ్మను అడిగాను.

"అమ్మా, అడిగితే ఇత్తానన్నాడు కదా. మరాయనకెందుకు ఇవ్వనేదు? ఏది అబద్దం?"

అమ్మ చేటలోంచి తలెత్తలేదు. "నాకేటి తెలుసే? నానూ అడిగినాను."

"నా బెంగాలీ తప్పయిపోనాదేమో."

అమ్మ చేట పక్కన పెట్టి నన్ను ఒళ్లోకి లాక్కుంది. "నీ మాటలో తప్పేటీ నేదమ్మా. ఆయనకి ఇనిపించే ఉంటాది. ఎందుకివ్వనేదో ఆయన్నే అడుగుదాం."

ఇద్దరం కళ్లు మూసుకుని అడిగాం.

ఆ రెండు వాక్యాల చిక్కు నాకిప్పటికీ విడలేదు. జవాబు తెలియకపోయినా, తమ్ముడి చావు నా మీద పడకుండా అమ్మ చూసుకుందని మాత్రం నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది.