ఫ్లోరీకి దక్కిన ఒక్క రాత్రి

దోన్య ఫ్లోరీ, అంటే మా భాషలో ఫ్లోరీగారు, మా వేడినీళ్ళ రిసార్టులో ఇరవై ఎనిమిదేళ్ళు గదులు ఊడ్చింది. నేను కొలనుల దగ్గర తువ్వాళ్ళు ఇచ్చే పనిలో ఉన్నాను. ఆవిడ తెచ్చే మాసిన దుప్పట్లూ నేను పోగేసే తడి తువ్వాళ్ళూ ఒకే బండిలో లాండ్రీకి పోయేవి. ఆ బండి తోయడంలోనే మా స్నేహం కుదిరింది.

ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు మా దేశం వాళ్ళందరి జబ్బు గురించి చెప్పాలి. మా నోట "లేదు" అన్న మాట రాదు. దారి తెలియకపోయినా, అడిగినవాణ్ణి ఊరికే పంపలేక ఏదో ఒక దారి చూపిస్తాం. వాడు పోయి అడవిలో తేలితే అది వాడి ఖర్మ. ఎదుటి మనిషి ముఖం చిన్నబోతే చూడలేం, అంతే. దీన్ని ఇక్కడ మర్యాద అంటారు. నేను పిరికితనం అంటాను. అనడం వరకే, చేసేది నేనూ అదే.

ఫ్లోరీ భర్త దోన్ ఎవెలియో పశువుల కాపరి. ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు మా ఎదుట ఉన్న అగ్నికొండ పేలింది. ఆ రోజు లా ఫోర్తూనా ఊళ్ళో అమ్మమ్మగారింట్లో ఉన్నాడు కాబట్టి బతికాడు. అమ్మ, నాన్న, ఇద్దరు చెల్లెళ్ళు ఇంటితో సహా బూడిద కిందికి పోయారు. ఒక్కరి శవమూ దొరకలేదు. కొండకి పడమటి పక్కన చెట్టన్నది మొలవని బూడిదరంగు వాలు ఒకటుంది, వాళ్ళకి సమాధి అదే. వయసులో ఉన్నప్పుడు ఎవెలియో దాని ఎదుటే పశువుల్ని మేపేవాడు. తరవాత ఆ నేలంతా రిసార్టు వాళ్ళు కొని కంచె వేశారు. ఫ్లోరీ వాళ్ళ ఇంటి దగ్గర్నుంచి చూస్తే మధ్యలో గుట్ట అడ్డం. ఆ వాలు నేరుగా కనపడేది మా పై కొలనులోంచే. అందులో కాలు పెట్టే హక్కు డబ్బు కట్టినవాళ్ళకే గానీ దాన్ని తోమేవాళ్ళకి లేదు.

ఒక్క మినహాయింపు ఉంది. ఇరవై అయిదేళ్ళు చాకిరీ చేసినవాళ్ళు ఒక రాత్రి జంటగా అతిథుల్లా ఉండొచ్చు. ఇరవై అయిదు నిండిన రోజునే ఫ్లోరీ ఏప్రన్ విప్పి, జుట్టు సర్దుకుని మేనేజరు షీనియా దగ్గరికి వెళ్ళింది.

"అయ్యో, తప్పకుండా దోన్య ఫ్లోరీ! మీకు కాకపోతే ఎవరికి? వచ్చే నెల చూద్దాం."

ఆ వచ్చే నెల మూడేళ్ళు రాలేదు. మబ్బు లేని ఎండాకాలంలో గదులన్నీ నిండిపోయేవి. వానాకాలంలో రిపేర్లు. ఈలోగా చక్కెర జబ్బు ఎవెలియో కళ్ళని పట్టుకుంది. డాక్టరు "దేవుడి దయవల్ల నెమ్మదిస్తుంది" అన్నాడు. ఆయనా మావాడేగా, ఇంకేమంటాడు!

"ఎలా ఉందండీ ఇవాళ చూపు?" అని ఫ్లోరీ రోజూ అడిగేది. ఈ దేశంలో మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు మీరు అనే పిలుచుకుంటారు.

"నిన్నటికన్నా మేలండీ."

ఆ మాట పట్టుకుని ఆవిడ ఇంకా తొందరపడింది. "పూర్తిగా పోకముందే ఒక్కసారి చూపించాలి నీదియా," అనేది నాతో. "ఆ వాలు ఒక్కసారి చూస్తే చాలట ఆయనకి. ఇంకేం అడగట్లేదు." ఒకరోజు ఉండబట్టలేక నేనే షీనియా గదిలోకి వెళ్ళి, "మీ వచ్చే నెల ఏ సంవత్సరంలో వస్తుందమ్మా?" అని కడిగేశాను. ఆవిడ నవ్వి నాకు కాఫీ పోసింది. అయినా ఏమనుకుందో, నవంబరులో తొమ్మిదో నంబరు గది ఇచ్చింది. నవంబరు అంటే వాన వదలని నెల. ఎవరూ రారు కనకే ఇచ్చింది. ఫ్లోరీ ఆ గది తాళం రెండు చేతులతో పుచ్చుకుంది.

వాళ్ళు వచ్చిన సాయంత్రం కొండ ఉందో లేదో తెలియనంత మబ్బు. "రేపు పొద్దున్న విడిపోతుంది, చూడండి," అన్నాను. నాకెలా తెలుసు? తెలియదు.

మర్నాడు గది ఊడ్చే అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చింది. ఫ్లోరీ తెల్లారకుండానే లేచి తన పక్క తనే సర్ది, బాత్రూం తోమి, అద్దం తుడిచి పెట్టిందట. "గదిలో నాకు పనేమీ మిగల్చలేదు, దుప్పటి మూలలు మనకన్నా బాగా మడిచింది!" అంది. నేనూ నవ్వాను.

పొద్దుటి బీన్సూ అన్నం తిని ఎనిమిదింటికి ఇద్దరూ పై కొలనులో దిగారు. ఫ్లోరీ ఆయన చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ చెప్పి దింపింది. కొత్త స్నానపు బట్టల్లో సిగ్గుపడుతూ మెడదాకా నీళ్ళలో కూర్చుంది. ఎదురుగా మబ్బు గోడ. గంట గడిచింది. పక్క కొలనులో నలుగురు విదేశీయులు ఉన్నట్టుండి కేకలు పెట్టారు, చప్పట్లు కొట్టారు. తోక నిటారుగా ఎత్తుకుని తిరిగే పిసోతే అనే అడవి జంతువు ఒకటి పొదల్లోంచి దూకి వాళ్ళ రొట్టె ఎత్తుకుపోయింది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ కేకలు విని దోన్ ఎవెలియో ముఖం వెలిగిపోయింది. తిన్నగా మబ్బు కేసి చెయ్యెత్తాడు.

"అదిగో, విడిపోయింది! ఎంత బాగా కనిపిస్తోందండీ! ఆ బూడిద వాలు, అదే మా ఇల్లున్న చోటు. మీ పుణ్యాన చూశాను."

ఫ్లోరీ మబ్బుని చూసింది. ఆయన్ని చూసింది. తరవాత నన్ను చూసింది. నా చేతుల్లో తువ్వాళ్ళున్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఎప్పట్నించి?" అంది ఆయనతో.

ఆయన చెయ్యి నీళ్ళలోకి దించేశాడు.

"ఈస్టరు నాటికే వెలుతురు తప్ప ఏమీ లేదండీ."

"మరి రోజూ మేలు, మేలు అన్నారే!"

"మీరు ఆ గది కోసం అంత తిరుగుతుంటే ఎలా చెప్పను?"

ఆవిడ అరచేత్తో నీళ్ళని ఒక్క చరుపు చరిచింది. "పిచ్చి ముసలాడా!" అంది. మీరు అనే నోరు అది. ఆపైన ఏడ్చింది, దాచుకోకుండా, పక్క కొలనువాళ్ళు తిరిగి చూసేలా. ఆయన ఆవిడ భుజం వెతుక్కుని చెయ్యి వేశాడు. నాకు షీనియా మీద ఒళ్ళు మండింది, ఆ డాక్టరు మీద మండింది, నిన్న "విడిపోతుంది" అన్న నా నోటి మీద మండింది. ఏం లాభం? మూడేళ్ళ కిందట ఆయనకి చక్కని చూపుండేది.

పదిన్నరకి గాలి తిరిగింది. మబ్బు కిందినుంచి పైకి లేచిపోయి, కొండ మొత్తం శిఖరందాకా బయటపడింది. బూడిద వాలు మీద ఎండ పడి, ఒక్కో రాయీ లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టుంది. విదేశీయులు మళ్ళీ కేకలు పెట్టారు.

"ఇప్పుడేమిటండీ?" అని అడిగాడు దోన్ ఎవెలియో.

ఫ్లోరీ ఆ వాలునే చూస్తోంది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఏం లేదు, ఆ పిసోతేనే మళ్ళీ వచ్చింది," అంది. "కొండకి మబ్బు పట్టే ఉంది. ఎవరికీ ఏమీ కనపడట్లేదు."

"నిజమేనా నీదియా?" అన్నాడాయన, నేను లేని వైపు తిరిగి.

"నిజమే దోన్ ఎవెలియో," అన్నాను. "మబ్బే."