కడవ గుర్తు మోటారు

పోయిన వారం మా బోరు మోటారు కాలిపోతే మెకానిక్కు కొత్తది తెచ్చి బిగించాడు. దాని మీద అంటించిన స్టిక్కరులో కంపెనీ పేరు పాతదే కానీ, పేరు పక్కన ఒక నీలం వంపు మాత్రమే ఉంది. కొంగుతో దుమ్ము తుడిచి, కళ్లజోడు సర్దుకొని, ఇందులో కడవ ఏమైందని అడిగాను.

"కడవేందవ్వా, అది నీళ్ల అల గదా" అని అతను నవ్వి తన పనిలో పడిపోయాడు.

నాకు మాత్రం ఆ వంపులో కడవ నడుము కనిపిస్తూనే ఉంది. ఎందుకంటే పెళ్లికి ముందు నేను రేణిగుంట దారిలోని ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాను, మోటార్ల మీద గుర్తు వేసే పని నాదే. ఆ రోజుల్లో స్టిక్కర్లు లేవు. బొమ్మ ఆకారంలో కోసిన రేకును మోటారుకు ఆనించి పట్టుకొని, రంగులో ముంచిన స్పాంజి ముక్కతో అద్దేవాళ్లం. అప్పటి గుర్తు పూర్ణకలశం. ఎర్ర కడవకు ఒక రేకు, పైనుండే మామిడాకులకూ టెంకాయకూ ఇంకో రేకు. మొదట ఆ బొమ్మ ఎవరు గీశారో, పంపుల కంపెనీకి కలశం ఎందుకు తోచిందో ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. రేకు తీయగానే పచ్చి రంగుతో మెరిసే కడవను చూసినప్పుడల్లా నాకు ఆ సందేహం వచ్చేది. మా ఇంట్లో జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను నేనే, ఆ పనంటే నాకు ప్రాణం.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాయన మా చర్చి సంఘ పెద్ద. బైబిలు వాక్యం చదవకుండా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. చుట్టుపక్కల రైతులు కొత్త మోటారు వేసిన రోజు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమలు సరిగ్గా ఆ కలశం మీదే పెట్టేవారు, మేమైతే పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించేవాళ్లం. అట్లా మా బావికి మా కంపెనీ మోటారే వచ్చిన రోజు పాస్టరు గారు కళ్లు మూసుకుంటే, నాయన మాత్రం కళ్లు తెరిచి ఆ బొమ్మనే చూస్తూ ఉన్నాడు. నేను రంగులు వేస్తానని ఆయనకు తెలుసు. ఏ బొమ్మకు వేస్తానో ఆ రోజు దాకా అడగలేదు.

"ఇది ఎవురు ఏసినారు?"

"నేనే నాయనా."

"రేపట్నించి పోబాకు."

ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. నాలో నేను చేసుకున్న ప్రార్థన దేవుడు విన్నాడేమో, తర్వాత రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక పాస్టరు గారూ నాయనా వేపచెట్టు కింద దీని మీదే మాట్లాడుకున్నారు. బైబిల్లో బావి దగ్గర కడవ విడిచిపెట్టి, కనుగొన్న రక్షకుని గురించి చెప్పడానికి ఊళ్లోకి పరుగెత్తిన స్త్రీని గుర్తు చేసి, కడవలో దోషం లేదని పాస్టరు గారు తేల్చారు. ఆకులూ టెంకాయా మాత్రం పూజకు సంబంధించినవని నాయన పట్టు వదల్లేదు. చివరికి కడవ మాత్రమే వేస్తే పనికి పోవచ్చు, ఒక్క ఆకు వేసినా మానెయ్యాలి అని ఒప్పందం కుదిరింది.

ఈ సంగతి చెబితే నా పక్కన పనిచేసే అక్క పగలబడి నవ్వింది. "కడవ నువ్వెయ్యి, టెంకాయ నేనేస్తా. నీ దేవుడు నిన్నడగడు, నా దేవుడు నన్నడగడు" అని రెండో రేకు తన వైపు లాక్కుంది. అప్పటినుంచి ఒక్కో మోటారు మా ఇద్దరి చేతుల మీదుగా వెళ్లేది.

గంగ జాతరకు అక్కకు మొక్కు ఉంది. ఆమె సెలవులో ఉండగానే నగరికి ఒక లారీ లోడు పంపాల్సి వచ్చింది. రెండు రేకులూ నన్నే వేయమని మేస్త్రి అన్నాడు. వేస్తే ఇంట్లో నాయన మాన్పిస్తాడు, వేయకపోతే ఇక్కడ మేస్త్రి మాన్పిస్తాడు. మనసులో దేవుణ్ణి తలుచుకొని మోటార్లన్నిటికీ కడవ ఒక్కటే వేశాను. సాయంత్రం మేస్త్రి వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం పాపా, అన్నీ కొండకు పోయి గుండు కొట్టించుకొని వచ్చినట్టుండాయే."

నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లారీ ఆగే వీలు లేక మోటార్లు అట్లాగే వెళ్లాయి. మేము ముదలాళి అని పిలిచే యజమాని నన్ను పిలిపించి, కారణమంతా శ్రద్ధగా విని, సరుకు తిరిగొస్తే నీకు ఇక పని లేదని మెల్లగానే చెప్పాడు. అప్పటినుంచి గేటు దగ్గర లారీ చప్పుడైతే చాలు, రేకు పక్కన పెట్టి తొంగి చూసేదాన్ని. ఒక్క మోటారు కూడా తిరిగి రాలేదు. నగరి డీలరు ఫోను చేసి ఇది కొత్త మోడలా, ఇంకా ఉన్నాయా అని అడిగాడట. అక్కడ మసీదు వీధి వాళ్లూ మావంటి చర్చి వాళ్లూ కూడా కొన్నారని, కుంకుమ పెట్టేవాళ్లు ఉత్త కడవకే పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. మరుసటి ఏడాదికి రెండో రేకు మూలకు చేరింది. అక్క కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఆమె చేతిలోని సగం పని నావల్ల పోయింది గదా. ముదలాళి ఆమెను తీగ చుట్టే వైండింగు విభాగానికి మార్చాకే మళ్లీ అన్నం పంచుకున్నాం.

పెళ్లై నేను మానేశాక, మద్రాసు నుంచి బొమ్మలు గీసేవాళ్లు వచ్చి కడవకు మెడ తీసేశారని, తర్వాత అడుగు తీసేశారని విన్నాను. ఏ మార్పు ఎవరి మనసులో పుట్టిందో తెలుసుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంకెవరింట్లోనైనా దీని కోసం వాదన జరిగిందా, ఎవరైనా పిల్ల పని పోతుందని ఏడ్చిందా అని కూడా. బహుశా జరిగి ఉండదు. ఇప్పటి గుర్తు ఎవరినీ నొప్పించదు. ఏ విశ్వాసినీ ఆపి ఆలోచించమనదు, ఎవరి చేతా బొట్టు పెట్టించుకోదు. మా నాయన ఇవాళ ఉండి ఉంటే దాని ముందు ఒక్క క్షణం నిలబడి, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, ప్రార్థన కానిచ్చి మడి వైపు నడిచి ఉండేవాడు.