కార్తీక సోమవారం, హసీనా టీచరు గారు

మా ఆవిడ పద్మ పెరట్లో కుళాయి కింద తోటకూర కడుగుతుంటే, తడి ఆకు వాసన నేను పేపరు చదువుకునే వరండా దాకా వస్తుంది. ఇంకొకరికైతే ఆ వాసనకి ఆకలి వేస్తుంది. నాకు ముందు హసీనా టీచరు గారు గుర్తొస్తారు, ఆ తరువాత ఆకలి వేస్తుంది. ఒకప్పుడు ఈ ఇంట్లోకి తోటకూరకి ప్రవేశం లేదు. దానికి మళ్ళీ తలుపు తీసింది ఆవిడే.

ఆ ఏడు వానాకాలంలో నాకు విషజ్వరం వచ్చింది. తగ్గింది గానీ, పోతూ పోతూ గుండెని కెలికి పోయింది. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు గారు ఈసీజీ చూసి, గుండె లయ తప్పిందన్నారు. ఏలూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళి, తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గుమాస్తా పని చేసేవాణ్ణి నేను. లెక్క తప్పితే దిద్దుకోవడం తెలుసు గానీ, లయ తప్పితే ఏం చెయ్యాలో నాకేం తెలుసు? వేగం తగ్గడానికి ఒక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇంకొకటి ఇచ్చారు. ఆ రెండోది వేసుకుంటున్నంత కాలం తరచు రక్తపరీక్ష చేయించుకోవాలనీ, ఆకుకూరలు ఇష్టమొచ్చినట్టు తినకూడదనీ చెప్పారు. ఇంటికి వచ్చేసరికి పద్మ మనసులో ఆ మాట కాస్తా 'ఆకుకూర విషం' అయి కూర్చుంది. నా సంగతి మరీ ఘనం. పొద్దస్తమానం ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు ఆనించుకుని కుర్చీలో కూలబడేవాణ్ణి. మిల్లుకి వెళ్ళడం మానేశాను. పళ్ళు తోముకుంటుంటే రవ్వంత రక్తం కనబడితే చాలు, మాత్ర వేసుకుంటే దానివల్ల పోతాను, మానేస్తే గుండెవల్ల పోతాను అనుకునేవాణ్ణి. బతకడానికి ఒక్క దారీ తోచని మనిషికి పోవడానికి మాత్రం రెండు దారులు!

హసీనా టీచరు గారు మా పక్కిల్లు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేస్తే, పెళ్ళయిన కొత్తలో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారట. ఫ్యాను ఆపితే అది టిక్కు టిక్కుమనడం పక్కన కూర్చున్నవాళ్ళకి వినిపించేది. "పరీక్షల్లో కాపీ కొట్టేవాణ్ణి ఒక్కణ్ణీ పట్టుకోలేకపోయానండీ. నేను వెనకగా వస్తున్నానని ముందే తెలిసిపోయేది వెధవలకి" అని నవ్వేవారు.

నేను కుర్చీకి అతుక్కుపోయిన రోజుల్లో ఒక ఉదయం ఆవిడ గుమ్మంలో నిలబడి చూశారు.

"ఏవండీ సుబ్బారావు గారూ, ఆ చెయ్యి అలా పట్టుకు కూర్చున్నారేం? వదిలేస్తే పారిపోతుందా?"

"గుండె తప్పుతోందండీ."

"తప్పి, మళ్ళీ కొడుతోందిగా? లేకపోతే నాతో ఎవరు మాట్లాడుతున్నట్టు?"

తరువాత వంటింట్లోకి తొంగి చూశారు. "ఏంటమ్మాయ్, ఇవాళ కూడా బీరకాయేనా?"

"ఆకుకూర వద్దన్నారండీ" అంది పద్మ.

"అసలే వద్దన్నారా, ఇష్టమొచ్చినట్టు వద్దన్నారా?"

పద్మ నావైపు చూసింది. నేను బీరకాయవైపు చూశాను.

"నేనూ ఆ మాత్రే మింగుతున్నానమ్మా, మీ పెళ్ళి కాకముందు నుంచీ. ఓ వారం ఆకు ముట్టకుండా, ఇంకో వారం గిన్నెడు లాగించేస్తే మాత్రకి దిక్కు తెలీదు. ఎప్పుడూ ఒక్కలాగే తినాలి. నా మాట నమ్మకు, డాక్టరు గార్ని అడుగు."

అడిగాం. ఆయనా అదే చెప్పారు. మానడం కాదు, మారకుండా ఉండడం ముఖ్యమని నాకప్పుడు బోధపడింది గానీ, పద్మకి భయం పోలేదు, ఆకుకూర వండలేదు. పెదవేగి నుంచి మా బావమరిది గుండెకి మంచిదని తెల్లమద్ది చెక్క తెచ్చినప్పుడు కూడా టీచరు గారు దాన్ని తిట్టలేదు, మెచ్చుకోలేదు. "అటక మీద పెట్టండి. డాక్టరు గారు సరేనంటే దింపుదురు గాని" అన్నారు. ఆ చెక్క ఇంకా దిగలేదు.

కార్తీకమాసం వచ్చింది. నేను ఆసుపత్రిలో ఉండగా పద్మ మొక్కుకుందట, 'ఆయన లేచి తిరిగితే కార్తీక సోమవారాలు నాతోపాటు ఉపవాసం ఉంటారు' అని. మొదటి సోమవారం పొద్దున్నే స్నానం చేసి ఇద్దరం విభూతి పెట్టుకున్నాం. నక్షత్రం కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరాదు కాబట్టి మాత్రలు కూడా సాయంత్రానికే అనుకున్నాం. మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని మా ఇద్దరి లెక్క. అంతలో టీచరు గారు పాలగిన్నె తిరిగివ్వడానికి వచ్చారు.

"మాత్ర అయిందా?"

"ఉపవాసం కదండీ, చుక్క చూశాక..."

ఆవిడ గిన్నె కింద పెట్టి, పద్మ పక్కన చాప మీద కూర్చున్నారు.

"ఆపరేషన్ అయిన ఏడు రంజాన్‌కి నన్ను ఉపవాసం వద్దన్నారమ్మా. చిన్నప్పట్నించీ ఒక్కటీ వదల్లేదు నేను. ఇల్లంతా ఉపవాసం ఉంటే, నేనొక్కదాన్నీ వంటింటి తలుపేసుకుని దొంగలా ఇడ్లీ తినేదాన్ని. ఓరోజు మా అత్తగారు తలుపు తోసుకొచ్చి, 'ఉండగలిగీ తినేవాళ్ళు దాక్కోవాలి, నువ్వెందుకే?' అన్నారు. ఉండలేనివాళ్ళు ఆ రోజుకి బదులుగా లేనివాళ్ళెవరికైనా అన్నం పెడతారు మాలో. అప్పట్నించీ నేనలాగే." మా ఇద్దరివైపూ చూసి, "మీ దేవుడి సంగతి నేను చెప్పకూడదు. గుండె సంగతి నేనూ చెప్పకూడదు, మీరూ చెప్పకూడదు. ఫోన్ చెయ్యండి" అన్నారు.

డాక్టరు గారు ఫోన్లోనే కసిరారు. మాత్రలు వెంటనే వేసుకోమన్నారు, ఉపవాసం మాట ఇప్పట్లో ఎత్తొద్దన్నారు. నేను వేసుకున్నాను. పద్మ కళ్ళు తుడుచుకుంటూ, "మొక్కు తప్పితే ఈయనకేమైనా అయితే ఎలాగండీ?" అంది. టీచరు గారు పద్మ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు, అంతే.

సాయంత్రం చుక్క పొడిచాక పద్మ దీపం పెట్టి, ఏదో ఆలోచిస్తూ నిలబడి, గబగబా పక్కింటికి వెళ్ళింది. గోడ ఇవతల నాకు వినబడుతూనే ఉంది.

"భోజనానికి రండి టీచరు గారూ."

"లేనివాళ్ళని పిలవాలే అమ్మాయ్. నాకు పెన్షన్ వస్తుంది."

"ఇవాళ వంట చేశారా?"

"ఇంకా లేదు."

"అయితే లేనట్టేగా! రండి."

ఆ రాత్రి మా ఇంట్లో నెలల తరువాత పద్మ తోటకూర పప్పు వండింది. ఆవిడ తింటుంటే పద్మ మొహంలో భయం కరగడం నేను చూశాను. నా మొహంలో ఏం కరిగిందో పద్మనే అడగాలి. మరుసటి వారమే మిల్లులో చేరాను.

చేరాక ఒకరోజు ఆవిణ్ణి అడిగాను. "ఈ భయం ఎప్పటికైనా పోతుందా టీచరు గారూ?"

"పోదండీ" అన్నారు ఆలోచించకుండానే. "ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఆసుపత్రికి పరిగెత్తండి. అవేం లేవూ, ఊరికే భయమా? కాస్త జరగమని చెప్పి మీరు కూర్చోండి."

ఆవిడ పోయి రెండేళ్ళయింది. నిద్రలో, నెమ్మదిగా పోయారు. నేను ఇప్పటికీ ఉదయం పాసింజరులోనే గూడెం వెళతాను. గుండుగొలను దాటాక చేపల చెరువుల మీదుగా గాలి వీస్తున్నప్పుడు ఒక్కోసారి గుండె తడబడుతుంది. భయం ఎక్కుతుంది, పక్కనే కూర్చుంటుంది. కాస్త జరగమంటాను. కిటికీ పక్క సీటు మాత్రం నాదే.