అమ్మ తెచ్చిన గొట్టం బిళ్ళలు

ఈ ఎడారి దేశంలో, రిఫాలోని మా ఫ్లాటుకి అమ్మ విజిట్ వీసా మీద వచ్చినప్పుడు, ఆవిడ సామానులో ఆవకాయ కంటే భద్రంగా వచ్చినవి గొట్టం బిళ్ళలు. పోపు డబ్బాలో, ఆవాలుండాల్సిన గిన్నెలో టెట్రాసైక్లిన్! "ఇక్కడ మందుల షాపులు లేవనుకున్నావా?" అని నేను ఎగిరితే, "ఉంటే ఉండనీవే. చీటీ లేకుండా ఇస్తాడేంటి మీ షాపాయన?" అంది.

కసురుకున్నానే గానీ, ఆ బిళ్ళలు చూడగానే మా ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. వేలు తెగినా, మోకాలు చెక్కుకుపోయినా అమ్మ గొట్టం విప్పి ఆ పసుప్పచ్చ పొడి చల్లేది. కోళ్ళు తూగుతుంటే వాటి నీళ్ళలోనూ కలిపేది. నాన్నకి జ్వరమొస్తే మజ్జిగతో మింగించేది. పుండు మీద పొడి చల్లి అమ్మ ఉఫ్‌ఫని ఊదుతుంటే ఎంత హాయిగా ఉండేదో! మంట తగ్గకపోయినా ఏడుపు మాత్రం ఆగిపోయేది.

జింజ్‌లో మందుల షాపులో పనిచేసే తెలుగబ్బాయి ఒకతను మా చర్చికి వస్తాడు. ఇక్కడ శుక్రవారమే సెలవు. ఓ శుక్రవారం ప్రార్థన అయ్యాక అమ్మ అతన్ని పట్టుకుని తన బిళ్ళల గొప్ప చెప్పుకుంది.

"అది మట్టిలో పుట్టిన మందు ఆంటీ. మట్టిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా తయారుచేస్తుంది. వాన పడగానే మట్టివాసన వస్తుందే, అదీ ఆ జాతి చలవే" అన్నాడతను. అమ్మ పొంగిపోయింది. "కానీ పాలతో, మజ్జిగతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. వేసుకుని ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. డాక్టరు చెప్పకుండా వాడకండి" అనేసరికి మొహం చిన్నబుచ్చుకుంది.

"పాపం మీ నాన్న! ఎన్నేళ్ళు మజ్జిగతో మింగించానే!" అని దారంతా ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. అది నా అలవాటు. నా పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. చిన్నప్పుడు సరిగ్గా తోమించకపోవడం వల్లేనని చుట్టాలందరూ అనేవారు. "కన్నతల్లివేనా నువ్వు?" అని నానమ్మ అమ్మని ఏకిపారేసేది. అమ్మ కిక్కురుమనేది కాదు. అందరిలాగే నేనూ అదే నమ్మాను.

ఆ వారంలోనే మా పాపకి జ్వరం పట్టుకుంది. మూడేళ్ళ పిల్ల, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మా ఆయన దూరంగా సఖీర్‌లో డ్యూటీలో ఉన్నాడు, కారు ఆయన దగ్గరే. మందుల షాపు అబ్బాయి చెప్పిందంతా కంగారులో మర్చిపోయాను. పోపు డబ్బా తీసి, "అమ్మా, కాస్త పొడి తేనెలో రంగరించి నాకించవే" అన్నాను.

అమ్మ నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. "పిల్లకి వద్దు."

"అదేంటి? అన్నిటికీ నీకదేగా మందు!"

"వద్దన్నానా! ముందు టాక్సీ పిలువు."

క్లినిక్‌లో డాక్టరమ్మ గొంతు చూసి వేరే మందు రాసింది. రెండు రోజులకి జ్వరం దిగింది, పాప లేచి కూర్చుని దోసె కావాలని గొడవ పెట్టింది. అప్పుడు నిలదీశాను అమ్మని, ఆ రోజు ఎందుకలా లాక్కున్నావని.

అమ్మ పాప తల దువ్వుతూ చెప్పింది. "నీకూ ఈ వయసులోనే జ్వరమొచ్చిందే. ఎంతకీ తగ్గదు. కళ్ళు తేలేశావు. మనూళ్ళో ఆ మందే దొరికింది. ఇది వాడితే తర్వాత వచ్చే పళ్ళకి మచ్చలు పడతాయమ్మా, ఆలోచించుకో అన్నాడు డాక్టరు. ఆలోచించేదేవుంది? పళ్ళు పోతే పోయాయి, నా పిల్ల దక్కితే చాలన్నాను."

"మరి నానమ్మ అన్నన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"చెబితే జబ్బు పిల్లంటారు. రేపు నిన్నెవరు చేసుకుంటారే? పళ్ళు తోమించలేదంటే నన్నేగా అంటారు. అననీ అనుకున్నా."

వెళ్ళి అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చేశాను. "ఊరుకోవే, పిల్ల జడుసుకుంటది" అని కసిరింది.

ఇప్పుడు అమ్మ ఊళ్ళో ఉంది. ఇక్కడ వానలు పడేదే చలికాలంలో, అదీ ఎప్పుడో ఒకసారి. పడితే చాలు, బాల్కనీ తలుపు తీసి ఆ మట్టివాసన పీలుస్తూ నిలబడతాను. అమ్మ మీద బెంగ పుట్టుకొస్తుంది. నిన్నా పడింది. వెంటనే వీడియో కాల్ చేసి, నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండా నవ్వాను.

"ఏంటే, అలా పళ్ళికిలిస్తున్నావు?" అంది.

"నీకు దక్కిన పిల్ల పళ్ళే. చూసుకో."

అమ్మ కొంగు తీసి కళ్ళకి అడ్డం పెట్టుకుంది.